సి షిఫ్టుకు టీకా లేదు

ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. గడువుకు ముందే రిటైర్మెంటు తీసుకుని ఖాళీగా కూర్చున్నాను కాబట్టి నా దగ్గర అనుభవం ఊరికే దొరుకుతుందని వాళ్ల నమ్మకం. చాయ్ తాగుతారు, నేను చెప్పింది వింటారు, గేటు దాటాక నవ్వుకుంటారు. నవ్వుకోవడంలో తప్పు లేదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మధ్య హెల్త్ సూపర్‌వైజరుగా తిరిగినన్నాళ్లూ నన్ను 'కోతల సారు' అనేవాళ్లు. ఇస్నాపూర్ దగ్గర పెట్రోలు అయిపోతే ఒక దోమ నన్నూ నా స్కూటర్‌నూ దవాఖాన దాకా మోసుకొచ్చిందని నేను చెప్పిన సంగతి ఇప్పటికీ అక్కడ ప్రచారంలో ఉంది. అందులో కొంచెం కల్పన ఉందని ఒప్పుకుంటాను. ఆ స్కూటర్ నాది కాదు, మా ఫార్మసిస్టుది.

కానీ ఇప్పుడు చెప్పబోయేది జరిగిన సంగతి. సాక్షి కావాలంటే మా ఆపా ఉంది. ఆపా అంటే మా సెంటర్‌లో నర్సమ్మ. సంగారెడ్డిలో అత్తరు అమ్మేవాళ్ల ఇంటి ఆడపడుచు. ఊళ్లో సగం మంది పిల్లల తొడల మీద ఆమె సూది గుర్తు ఉంటుంది. నా మాటల్లో ఎక్కడ నిజం ఆగి ఎక్కడ కోత మొదలవుతుందో ఈ లోకంలో ఆమె ఒక్కతే పసిగట్టగలదు.

మూడో మనిషి మా డాక్టరమ్మ. ఆమె తండ్రి కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. ఆమె పుట్టి పెరిగింది ఇక్కడే అయినా 'ఏంటండీ' అనడం మానలేదు. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. ప్రశ్న అడిగితే దానికి సరిపోయే జవాబు చెబుతుంది, అంతకు మించి ఒక్క ముక్క చెప్పదు. ఈ కథలో వచ్చిన ప్రమాదమంతా అక్కడి నుంచే వచ్చింది.

ఒక ఇనుప పైపుల ఫ్యాక్టరీలో రక్తదాన శిబిరం పెట్టారు. ఇచ్చిన రక్తాన్ని పరీక్ష చేస్తే కొందరిలో హెపటైటిస్ బి కనబడింది. మీకు తెలిసిందే అయినా ఒక్క మాట. కాలేయాన్ని పట్టే వైరస్‌లకు పెద్దవాళ్లు ఏ, బి, సి, డి, ఇ అని వరసగా పేర్లు పెట్టారు. మన దగ్గర అన్నిటికీ కలిపి ఒక్కటే పేరు, పసిరికలు. ఒళ్లు పచ్చబడితే పసరు తాగడం, పత్యం చేయడం. కానీ బి అంత మర్యాదగా ముఖానికి పసుపు రాసుకుని రాదు. ఒకరికి గడ్డం గీసిన బ్లేడుతో ఇంకొకరికి గీసినా చాలు, రక్తంలో చేరి ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా కూర్చుంటుంది. దానికి టీకా ఉంది. అందుకని కంపెనీవాళ్లు అందరికీ టీకా వేయించాలని నిర్ణయించారు. మందు వాళ్లది, సూది మాది.

ఆ ఫ్యాక్టరీలో మూడు షిఫ్టులు. పొద్దున్న ఆరుకు ఏ షిఫ్టు, మధ్యాహ్నం రెండుకు బి షిఫ్టు, రాత్రి పదికి సి షిఫ్టు. ఇది గుర్తుపెట్టుకోండి.

టైం ఆఫీసు పెద్దమనిషికి సంగతంతా చెప్పి గేటు పక్కన బోర్డు మీద రాయమన్నాము. బోర్డు మీద అప్పటికే క్రికెట్ స్కోరు ఉంది. దాన్ని చెరిపే ధైర్యం ఆయనకు లేదు. మిగిలిన కాస్త చోటులో పట్టదని 'హెపటైటిస్' అనే పొడుగాటి మాటను ఆయనే తీసేసి, అందంగా, గుండ్రంగా ఇలా రాశాడు: 'శుక్రవారం బి టీకా. క్యాంటీన్ దగ్గర. తప్పక రావలెను.'

శుక్రవారం బి షిఫ్టు మొత్తం వచ్చింది. ఒక్క మనిషి తగ్గలేదు. టైం ఆఫీసులో నేనిచ్చిన ఉపన్యాసం అంత బాగా పనిచేసిందని నేను లోలోపల పొంగిపోయాను. కానీ ఏ షిఫ్టు వాళ్లు పని దిగి, ఎవరిదో పెండ్లి పందిరి పక్కనుంచి పోతున్నట్టు మమ్మల్ని చూసుకుంటూ వెళ్లిపోయారు. ఒక వెల్డర్‌ను ఆపాను.

"ఏమన్నా, సూది ఏసుకోవా?"

"మాది ఇయ్యాల కాదు గద సార్."

"మరెప్పుడు?"

"గది మీకే ఎర్క. మా దినం వస్తే బోర్డు మీద రాస్తరు గద."

సూదికి భయపడి సాకు చెబుతున్నాడనుకున్నాను. ఇంతలో, తన డ్యూటీ రాత్రికే అయినా బోర్డు సంగతి విని, సి షిఫ్టులో బాయిలర్ నడిపే మనిషి డాక్టరమ్మ దగ్గరికి వచ్చాడు. ఆజానుబాహువు, బుర్ర మీసాలు. రాత్రంతా నిప్పు దగ్గర ఉండి ఉండి కళ్లు ఎర్రబడి ఉండేవి. సి షిఫ్టు మొత్తం అతన్ని 'బాయిలరన్న' అంటుంది, అతను కూర్చుంటే కూర్చుంటుంది, లేస్తే లేస్తుంది.

"మేడం, సి కి ఎప్పుడు?"

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది. "సి కి టీకా లేదండీ."

"ఇయ్యాల లేదా, అసలుకే లేదా?"

"అసలు లేదు. ప్రపంచంలో ఎక్కడా లేదు. ఇంకా కనిపెట్టలేదు."

"మరి ఏ కి?"

"ఏ కి ఉంది. ఇక్కడ వేయడం లేదు."

బాయిలరన్న ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "సి తోని పానానికి ఖరాబా మేడం?"

"చాలా. పైకేమీ తెలియదు. లోపల్లోపలే మనిషిని పాడుచేస్తుంది."

"గది మాకు తెల్వదా మేడం. ఎన్నేండ్ల సంది చేస్తున్నం" అని దండం పెట్టి వెళ్లిపోయాడు. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "చాలా చక్కగా అర్థం చేసుకున్నారండీ ఆయన" అంది.

మర్నాడు తెల్లారి ఆపా నుంచి ఫోను. "భాయ్, జల్దీ ఫ్యాక్టరీ గేటు కాడికి పో. సి షిఫ్టోళ్లు దిగి ఇంటికి పోతలేరంట. నీ పేరు పెట్టి తిడుతున్నరు. ఏం కోత కోసినవ్?"

నేను ఏ కోతా కోయలేదన్నాను. ఆమె నమ్మలేదు.

గేటు ముందు చాయ్ బండి దగ్గర సి షిఫ్టు అంతా గుంపుగా ఉంది. బాయిలరన్న చేతిలో గ్లాసు, ఆ చాయ్ కూడా కోపంతో చల్లారిపోయి ఉంది.

"రాండ్రి సార్. మీకోసమే సూస్తున్నం. ఏ షిఫ్టుకు ఉండి గూడ ఇయ్యరంట. బి షిఫ్టుకు పిలిచి పిలిచి ఏసిండ్రు. సి షిఫ్టుకు ప్రపంచంలనే కనిపెట్టలేదంట. రాత్రి డూటీ చేసెటోళ్లు మనుషులు గారా?"

నాకు సంగతి అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమైన తర్వాత నవ్వు ఆపుకోవడానికి ఇంకో నిమిషం పట్టింది. ఈలోపు ఒక బీహారీ కుర్రాడు ముందుకొచ్చి, మాకూ ఇవ్వమన్నట్టు చెయ్యి చాపి, "హమ్ కో భీ దో న సాబ్" అన్నాడు.

"అరె బాబూ, బి నే కదా ఇస్తున్నాం" అన్నాను నేను.

"వహీ తో బోల్ రహా హూఁ, హమ్ కో భీ." అదే కదా అంటున్నాను, మాకూ అని అతని మాట.

ఇక లాభం లేదని బండి బెంచీ ఎక్కి అసలు సంగతి చెప్పాను. బి అంటే షిఫ్టు కాదు, వైరస్ పేరు. సి కూడా వైరస్ పేరు. దానికి టీకా లేదు గానీ మాత్రలు వాడితే నయమవుతుంది. బి టీకా మూడు షిఫ్టులకూ ఉంది.

అందరూ శ్రద్ధగా విన్నారు. తర్వాత బాయిలరన్న గ్లాసు బండి మీద పెట్టి మెల్లగా నవ్వాడు.

"రోగాలకు ఏబీసీడీలు పెట్టిండ్రంట. గీ కోత మంచిగున్నది సార్. దోమ కోత కన్న బాగున్నది."

సి షిఫ్టంతా నవ్వింది. టైం ఆఫీసు ముందు కాపలా ఉండే ముసలాయన, "మరి మా సెక్యూరిటోళ్లకు ఏ అచ్చరం సార్?" అని అడిగాడు. నేను నిజంగానే 'ఇ' గురించి చెప్పబోయాను, నీళ్లలో వస్తుందని. దానికి ఇంకా ఎక్కువ నవ్వారు. పిల్లలూ, నా సర్వీసు మొత్తంలో నేను ఒక్క కల్పనా లేకుండా చేసిన ప్రసంగం అదొక్కటే. దానికి వచ్చినంత నవ్వు నా కోతలు వేటికీ రాలేదు.

"మాకొద్దు సార్" అన్నాడు బాయిలరన్న చివరికి. "మాదంటూ కనిపెట్టినప్పుడు చెప్పుండ్రి, అప్పుడు ఏసుకుంటం." అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు.

డాక్టరమ్మకు చెబితే తల పట్టుకుంది. "నేను చెప్పినదాంట్లో తప్పేముందండీ?" అంది. ఏమీ లేదు. చిక్కంతా అదే.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆపా నన్ను పక్కకు పిలిచింది. గర్భిణులకు చేసే పరీక్షల్లో ఒకామెకు బి ఉన్నట్టు తేలింది. తొలి చూలు. ఆమె భర్త ఎవరో కాదు, బాయిలరన్న.

ఆ రోజు డాక్టరమ్మ గదిలో ఆమె, నేను, వాళ్లిద్దరు. డాక్టరమ్మ తలుపు వేసి, సంగతి చెప్పింది. బాయిలరన్న ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"గదెట్ల మేడం? నేను మొదటి సంది సి షిఫ్టు. మా ఇంట్ల బి ఎట్లొస్తది?"

ఎవరమూ నవ్వలేదు. ఆ మాటతోనే అతనికీ అర్థమైంది, బెంచీ మీద నిలబడి నేను చెప్పింది కోత కాదని. అతని భార్య మాత్రం కొంగు అంచు దారం లాగుతూ కూర్చుంది. తనకేమవుతుందని అడగలేదు. ఒకటే అడిగింది.

"పిల్లకు వస్తదా మేడం?"

"ఏమీ చేయకపోతే వచ్చే అవకాశం చాలా ఉందమ్మా. పుట్టేటప్పుడు తల్లి నుంచి వస్తే మాత్రం చాలామందిలో అది ఒంట్లోనే ఉండిపోతుంది, మళ్లీ పోదు. అలా రాకుండా చూడొచ్చు. పుట్టిన రోజే రెండు సూదులు వేయాలి. ఎంత త్వరగా వేస్తే అంత మంచిది. తర్వాత మామూలు టీకాలు వరసగా వేయించాలి. అప్పుడు దాదాపు ఎవరికీ రాదు."

"దాదాపు అంటే?"

"దాదాపు అంటే దాదాపేనమ్మా."

బాయిలరన్న నా వైపు తిరిగాడు. "సార్, మీరు చెప్పుండ్రి. రానే రాదని చెప్పుండ్రి."

నా బతుకులో మొదటిసారి ఒక మనిషి నన్ను బతిమాలి కోత కోయమన్నాడు. కోయలేకపోయాను. "మేడం చెప్పిందే నిజం అన్నా. మిగిలిందంతా మనం జల్దీ చేసేదాంట్ల ఉంది" అని మాత్రం అన్నాను.

అప్పుడు అతని భయాలన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. తొలి కాన్పు పుట్టింట్లో చేయాలని ఆమెను నారాయణఖేడ్ దిక్కు పల్లెకు పంపే ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఇక వాళ్లమ్మ. కోడలికి పసిరికలున్నాయని తెలిస్తే ఆమె కంచం వేరే పెడుతుంది, చెంబు వేరే పెడుతుంది, పుట్టిన పిల్లను దగ్గరికి రానివ్వదు.

"ఒకే కంచంలో తిన్నా రాదండీ ఇది" అంది డాక్టరమ్మ. "నేను వచ్చి మీ అమ్మగారికి చెప్పనా?"

"వద్దు మేడం. మీరసలే నిజం చెప్తరు."

ఇది జరిగిన ఇన్నేళ్ల తర్వాత కూడా డాక్టరమ్మ ఆ మాట తలుచుకుని నవ్వుతుంది. అప్పుడు మాత్రం నేనొక దారి చూపించాను, అది కూడా నా గొప్ప కాదు, టైం ఆఫీసు ఆయన బోర్డు గొప్ప. "చూడన్నా, ఈ పటాన్‌చెరులో నువ్వు నడి బజార్ల నిలబడి మా ఇంట్ల బి ఉందని అరిచినా ఎవరూ రోగమనుకోరు. షిఫ్టనే అనుకుంటరు. నువ్వు నాకు ఫోన్ల ఏది చెప్పాలన్నా బి అని చెప్పు. పక్కన ఎవరున్నా పరేషాన్ గావద్దు."

అతని భార్య మొదటిసారి తలెత్తి, కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. అంత దుఃఖంలో నవ్వింది. దాంతో అతనూ తేలికపడ్డాడు. కాన్పు ఇక్కడి పెద్దాసుపత్రిలోనే చేయిద్దామని, పల్లెకు రోడ్డు బాగాలేదని అమ్మకు చెబుతానన్నాడు. రోడ్డు నిజంగానే బాగాలేదు.

అతనికీ పరీక్ష చేశాము. బి లేదు. అంటే టీకా వేయించుకోవాలి. మరుసటి శుక్రవారం బాయిలరన్న క్యాంటీన్ ముందు లైనులో మొదట నిలబడ్డాడు. సి షిఫ్టు వాళ్లు వచ్చి చుట్టూ మూగారు.

"ఏందన్నా, నువ్వు బి లైన్ల నిలవడ్డవ్?"

"నేను బి లకు వచ్చిన. ఎవలు రాకుంటె వాళ్ల ఖర్మ."

మేనేజ్‌మెంటుతో ఏదో రాజీ కుదిరిందనుకున్నారో ఏమో, అతని వెనక సి షిఫ్టు మొత్తం వచ్చి నిలబడింది. సి షిఫ్టు నిలబడిందని ఏ షిఫ్టు కూడా వచ్చింది. డాక్టరమ్మకు మనసొప్పక మైకు తీసుకుని, షిఫ్టుకూ దీనికీ సంబంధం లేదని, బ్లేడు సంగతి, రక్తం సంగతి మొదటి నుంచీ విడమరిచి చెప్పింది. ఆమె చెబితే కోత కాదని అందరికీ తెలుసు, కాబట్టి ఈసారి నమ్మారు. అంతా విన్న తర్వాత వెల్డరన్న చెయ్యి చాపి, "సరే మేడం, సమజైంది. మాకు గూడ బి షిఫ్టుదే ఏయుండ్రి" అన్నాడు.

ఇక అసలు రోజు. ఆ రోజు నేను సంగారెడ్డిలో మీటింగులో ఉన్నాను. బాయిలరన్న ఫోను.

"సార్, బి మొదలైంది."

అనుకున్న దానికన్నా ముందే నొప్పులు వచ్చాయి. వెనక ఎవరో "ఏందన్నా, షిఫ్టు మారిండ్రా" అని అడగడం, అతను "ఆ, మారిన" అనడం వినబడింది. ఆపా అప్పటికే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లి పక్కనే ఉందట. రెండు సూదుల్లో ఒకటి టీకా, అది కాన్పుల వార్డులో ఎప్పుడూ ఉంటుంది. రెండోది వైరస్‌ను వచ్చినది వచ్చినట్టు పట్టుకునే మందు. అది మాత్రం అప్పటికి సంగారెడ్డి స్టోరులో ఉంది. వచ్చే వారం తెచ్చుకుందామనుకున్నాము. పిల్లకు మా వారాలతో పని లేకపోయింది.

చిన్న సీసాను ఐసు డబ్బాలో పెట్టించుకుని, స్కూటర్ మీద కాళ్ల మధ్య ఇరికించుకుని బయలుదేరాను. ముత్తంగి జంక్షన్ దాకా గాలిలో తేలినట్టు వచ్చాను. అక్కడ ఒక పొడుగాటి ట్రెయిలరు మలుపులో అడ్డం తిరిగి ఇరుక్కుపోయింది. దాని వెనక లారీలు, లారీల వెనక కంపెనీ బస్సులు, అన్నీ ఒకేసారి హారన్ కొడుతున్నాయి. మధ్యలో చెమటతో తడిసిపోయిన ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్. ఎలాగో సందులోంచి అతని దగ్గరికి చేరుకుని అరిచాను.

"సార్, జెర సందియ్యుండ్రి. డబ్బల మందున్నది."

ఆ మోతలో అతనికి వినబడింది ఒక్క ముక్కే.

"మందా?"

"మందే సార్. చల్లగుండాలె, లేకుంటె పాడైతది."

"ఐసు గూడ పెట్టుకున్నవా?"

"ఐసు లేకుంటె ఎట్ల సార్?"

"బండి పక్కకు తియ్యి."

తీశాను. జేబులోంచి ఆ ఊదే మిషను బయటికొచ్చింది. "ఊదు" అన్నాడు. ఊదాను. మీటింగులో తాగిన చాయ్ తప్ప అందులో ఏమీ లేదు. అతనికి అనుమానం తీరలేదు.

"నువ్వు తాగలే. సరే. మరెవలికి తీస్కపోతున్నవ్?"

"చిన్న పిల్లకు సార్."

"పిల్లకా? ఎన్నేండ్లు?"

"ఇంకా పుట్టలే సార్."

అతను నన్ను చూసిన చూపు నేనీ జన్మలో మరవను. పుట్టని పిల్లకు ఐసు వేసి మందు తీసుకెళ్తున్న మనిషిని ఎవరైనా అలాగే చూస్తారు. ఎన్ని కోతలు కోసినా ఏనాడూ పట్టుబడని వాణ్ని, నిజం చెప్పి పట్టుబడ్డాను.

ఆఖరికి ఆపాకు ఫోను చేసి స్పీకరు పెట్టాను. సంగతి చెప్పేలోపే ఆమె అందుకుంది.

"ఎవరు ఆ పోరడు? మాట్లాడమను."

"అమ్మా, ఈయన డబ్బల మందు..."

"ఆగు. గీ గొంతు నాకు ఎర్క. ఇస్నాపూర్ల ఉంటవ్ గద నువ్వు? నీ రెండో బిడ్డకు నేను సూది ఏస్తే బిడ్డ ఏడ్వలే, నువ్వు ఏడ్చినవ్."

కానిస్టేబుల్ స్పీకరు తీసేసి ఫోను చెవికి పెట్టుకున్నాడు. "ఆ, ఆపా... ఆ, ఆపా... లేదు ఆపా, నాకు తెల్వక..." అంటూ డబ్బా మూత తీసి చూశాడు. ఐసు మధ్య వేలెడు సీసా. మూత మెల్లగా, పసిపిల్ల పడుకున్న గది తలుపు వేసినట్టు మూశాడు.

ఆ తర్వాత జరిగింది మీరు నమ్మకపోయినా చెబుతాను. అతను ఈల వేసుకుంటూ ముందు నడిచాడు. లారీలు కుడికీ ఎడమకీ జరిగి బాట ఇచ్చాయి. ఆ ఇరుక్కున్న ట్రెయిలరు కూడా తల వంచి పక్కకు తప్పుకుంది. ఇది మాత్రం కోత అని ఆపా అంటుంది. ఆమె అక్కడ లేదు.

నేను వార్డు చేరేసరికి ఆడపిల్ల పుట్టి కాసేపయింది. సమయం నాలుగు దాటింది, అంటే బి షిఫ్టులో పుట్టింది. టీకా సీసా, రెండు సిరంజీలు తట్టలో సిద్ధంగా ఉన్నాయి. సిద్ధంగా లేనిది ఒక్కరే, బాయిలరన్న తల్లి. పిల్లను గుడ్డలో చుట్టి గుండెకు అదుముకుని గోడకు ఆనుకుని నిలబడింది.

"పుట్టిన దినమే సూదేందమ్మా? కండ్లు గూడ తెరవలే. ఇరవై ఒకటి దినం కానీయుండ్రి, పురుడు ఎల్లినంక చూద్దం."

బాయిలరన్న మూలన నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. అమ్మను కాదనలేడు, అసలు సంగతి చెప్పలేడు. మంచం మీద నుంచి బాలింత ఎవరినీ చూడకుండా నన్నూ నా డబ్బానూ చూస్తోంది. నాకన్నా ముందే అక్కడికి చేరిన డాక్టరమ్మ ఏదో చెప్పబోతే నేను అడ్డం వచ్చాను, ఎక్కడ నిజం చెప్పేస్తుందోనని.

ఆపా మాత్రం తొందర పడలేదు. ముసలమ్మ పక్కకు వెళ్లి పిల్ల ముఖం మీది గుడ్డ తొలగించి చూసింది.

"మాషా అల్లా. ఎంత మంచిగున్నది. పెద్దమ్మా, పిల్లకు దిష్టి చుక్క పెడ్తవా?"

"పెట్టకపోతే ఎట్ల?"

"ఏ దినం పెడ్తవ్?"

"ఇయ్యాలనే. నీళ్లు వోసినంక."

"ఇయ్యాలనే ఎందుకు? ఇరవై ఒకటి దినం కానీయరాదు?"

"గప్పటిదాంక దిష్టి ఆగుతదా బిడ్డా?"

"గిది గూడ ఆగదు పెద్దమ్మా. నీది బుగ్గ మీద చుక్క, నాది తొడ మీద చుక్క. పుట్టిన పిల్లలందరికీ మొదటి దినమే."

ముసలమ్మ ఆలోచించింది. చేతులు కాస్త వదులయ్యాయి. ఆ తర్వాత తట్ట వైపు చూసి మళ్లీ బిగించింది. "అందరికీ ఒకటే అంటివి. రెండున్నయేంది?"

నేను డబ్బాను వెనక్కి దాచబోయాను. ఆపా మాత్రం నవ్వు ముఖంతోనే ఉంది.

"తొడలు రెండున్నయ్ గద పెద్దమ్మా."

ఆ జవాబు ముసలమ్మకు ఎంత న్యాయంగా తోచిందో, పిల్లను ఆపా చేతుల్లో పెట్టేసింది. అటు ఒకటి, ఇటు ఒకటి. పిల్ల వార్డు ఎగిరిపోయేలా ఏడ్చింది. ఏడుపు వినడానికి అంత బాగుంటుందని నాకు అంతకు ముందు తెలియదు. బయటికొచ్చాక నేను ఆపాతో, "ఇన్నాళ్లూ నన్ను కోతల సారు అన్నది నువ్వేనా" అన్నాను. "నేను ఏం కోసిన భాయ్? తొడలు రెండే గద" అంది.

మిగిలిన టీకాలు వరసగా అయ్యాయి. తల్లికి కూడా ఎప్పటికప్పుడు పరీక్షలు, అవసరమైన మందులు. ఆమె ఆరోగ్యం నిలకడగా ఉంది. పిల్లకు ఏడాది వచ్చే నాటికి రక్త పరీక్ష చేశాము. ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ గదిలో మళ్లీ అదే నలుగురం, ఒడిలో అయిదో మనిషి. తల్లి అదే కుర్చీలో కూర్చుని అడిగింది.

"దాదాపు రాలేదా మేడం?"

"దాదాపు కాదమ్మా. రాలేదు."

బాయిలరన్న బయటికి పరిగెత్తి ఎవరికో ఫోను చేసి, "బి లేదురా, బి పోయింది" అని అరవడం మాకు లోపలికి వినబడింది. అవతల సి షిఫ్టు వాళ్లు సంతోషంతో కేకలు వేశారు. పిల్ల కోసం బి షిఫ్టుకు మారిన అన్న మళ్లీ రాత్రి షిఫ్టుకే వస్తున్నాడనుకున్నారు. వాళ్లతో పాటు ఆ రోజు ఫ్యాక్టరీలో అందరూ మిఠాయి తిన్నారు. ఎందుకు తిన్నారో వాళ్లలో ఒక్కరికీ నేటికీ తెలియదు.

ఇది రాయనా అని ఆ తల్లినే అడిగాను. పేర్లు లేకుండా రాయమంది. తనలాంటి ఇంకొకామె చదివితే భయం కొంచెం తగ్గుతుంది కదా అంది. అందుకే రాశాను.

మొన్న జూన్‌లో బాయిలరన్న నుంచి మళ్లీ ఫోను. పిల్లను బడిలో వేస్తున్నాడట, తోడు రమ్మన్నాడు. వెళ్లాను. పిల్ల జడలు రెండూ ఊపుకుంటూ హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీది గంటను మోగిస్తోంది. హెడ్‌మిస్ట్రెస్ కాగితం చూసి, "ఒకటో తరగతి, బి సెక్షన్" అంది.

బాయిలరన్న లేచి నిలబడ్డాడు. "మేడం, బి వద్దు మేడం. బి నుంచి తప్పిచ్చుకోనీకి మేం పడ్డ పరేషాన్ మీకు తెల్వదు. ఏ ల ఎయ్యుండ్రి."

ఆమె నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"ఏ సెక్షన్ నిండిపోయిందండీ. బి వద్దంటే సి లో వేస్తాను."

బాయిలరన్న ఒక్కసారిగా కుర్చీలో కూర్చుండిపోయాడు. నా వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు, మీసం సవరించుకున్నాడు.

"సి అసలుకే వద్దు మేడం. దానికి టీకా లేదు" అన్నాడు. "బి లనే ఉండనీయుండ్రి. బి కైతే మా పిల్లకు మొదటి దినమే ఏసిండ్రు."